శాంటా క్రూజ్ బోర్డ్‌వాక్‌లో ఒక రోజు: ముందు ఆ రెండు పాత రైడ్లు

అమెరికాలో కాలిఫోర్నియా బే ఏరియాలో ఉండే మనవాళ్లు వేసవిలో ఒక్కసారైనా శాంటా క్రూజ్ బీచ్ బోర్డ్‌వాక్‌కు వెళ్తుంటారు. పసిఫిక్ ఒడ్డున 1907 నుంచి ఉన్న వినోద పార్కు ఇది. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు, డబ్బు కట్టేది రైడ్లకే. అందుకే రోజంతా రైడ్లు ఎక్కనిచ్చే రిస్ట్‌బ్యాండ్లు (చేతిపట్టీలు) అందరికీ కొనకండి. రోజంతా రైడ్ల మీదే ఉండే పిల్లలకు అది గిట్టుబాటవుతుంది. అమ్మమ్మా తాతయ్యలు ఎక్కే రైడ్లకు విడిగా కడితే చాలు. చలికాలంలో మామూలు రోజుల్లో రైడ్లు నడవవు కాబట్టి బయల్దేరే ముందు క్యాలెండర్ చూసుకోండి.

శాన్ హోసే నుంచి దూరం యాభై కిలోమీటర్లే అయినా, కొండ దాటించే హైవే 17తోనే చిక్కు. లోపలి ఊళ్లలో ఎండ మండిన శనివారం అందరూ సముద్రం వైపే పడతారు, పది దాటితే కార్లు బారులు తీరతాయి. ఎనిమిదికల్లా బయల్దేరితే పార్కింగ్ కూడా దగ్గర్లో దొరుకుతుంది. దారంతా మలుపులే, పిల్లలకు కడుపునిండా పెట్టి ఎక్కిస్తే వాంతులవుతాయి. కారు వద్దనుకుంటే శాన్ హోసే డిరిడాన్ స్టేషన్ నుంచి హైవే 17 ఎక్స్‌ప్రెస్ బస్సు ఉంది.

రైడ్లు తెరవగానే జెయింట్ డిప్పర్ దగ్గరికి వెళ్లండి. ఆర్థర్ లూఫ్ 47 రోజుల్లో కట్టించిన ఈ కొయ్య రోలర్ కోస్టర్ 1924 మేలో మొదలైంది, అప్పటి ఖర్చు 50,000 డాలర్లు. బండి కదలగానే చీకటి సొరంగంలోకి దూరుతుంది, తర్వాత గొలుసు దాన్ని 70 అడుగుల ఎత్తుకు లాగుతుంది. అక్కడి నుంచి మోటారు లేదు, అర మైలు పట్టా మీద అంతా బరువు చేసే పనే. ముందు సీటులో మాంటెరే అఖాతం కనిపిస్తుంది. వెనక సీటులో మాత్రం మొదటి దిగుడులో ఒళ్లు సీటు వదిలి పైకి లేస్తుంది, ఎందుకంటే ముందు పెట్టెలు అప్పటికే కిందికి దిగుతూ వెనకదాన్ని శిఖరం మీదుగా లాగేస్తాయి. కొయ్య కట్టడం ఊగినట్టనిపిస్తే కంగారుపడకండి, బరువుకు కాస్త వంగేలాగే దాన్ని కడతారు. ఎత్తు 50 అంగుళాలు లేని పిల్లల్ని ఎక్కనివ్వరు. వరసలో నిలబడ్డాక ఏడుపులు లేకుండా ఇంట్లోనే కొలిచి చూసుకోండి. టోపీ, కళ్లజోడు, ఫోన్ ముందే తీసి లోపల పెట్టుకోవాలి.

ఆర్థర్ తండ్రి చార్లెస్ లూఫ్ చేసిన 1911 నాటి రంగులరాట్నం చాలామంది చిన్నపిల్లలదని దాటేస్తారు. అది పెద్ద పొరపాటు! చేత్తో చెక్కిన గుర్రాలు అవి, పక్కనే 342 గొట్టాల పాత ఆర్గన్ వాద్యం మోగుతుంది. అసలు ఆట బయటి వరస గుర్రాల మీద కూర్చున్నవాళ్లదే. తిరుగుతూ చేయి చాచి, పక్కన అందించే రింగు లాక్కుని, ఎదురుగా ఉన్న జోకర్ నోట్లోకి విసరాలి. పట్టుకుని గుంజితే జారిపోతుంది, చూపుడువేలు కొక్కెంలా వంచి తగిలించాలి. ఇలా రింగులు అందించే రాట్నాలు ప్రపంచంలో కొన్నే మిగిలాయి. ఈ రెండు రైడ్లూ 1987లో జాతీయ చారిత్రక చిహ్నాలయ్యాయి, మిగతావి టైమ్ మిగిలితే చూడొచ్చు.

జూన్, జూలైలో పొద్దున పొగమంచు కమ్ముతుంది, స్వెటర్ లేకపోతే వణుకే. నీళ్లు వేసవిలోనూ సుమారు 15 డిగ్రీలే. మన వైజాగ్ సముద్రం అనుకుని పిల్లల్ని నీళ్లలో వదలకండి. పార్కు పక్కనే శాన్ లొరెంజో నది కలిసే చోట ప్రవాహం లాగేస్తుంది, లైఫ్‌గార్డు టవర్ ఎదురుగానే దిగండి.

తిండి ఎక్కువగా వేపుళ్లే. శాకాహారులు ఫ్రైస్ కొనేముందు అదే నూనెలో కార్న్‌డాగ్‌లు (పిండిలో ముంచి వేయించే మాంసం సాసేజ్‌లు) వేస్తున్నారేమో అడగాలి. బీచ్‌లో పొట్లం విప్పితే సీగల్ పక్షులు చేతిలోంచే ఎత్తుకుపోతాయి, గోడకు వీపు ఆనించి కూర్చుని తినడం మేలు. తిరుగు ప్రయాణంలో సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు హైవే 17 మళ్లీ నిండుతుంది. అయితే మూడింటికే బయటపడండి, లేదా దీపాలు వెలిగాక జెయింట్ డిప్పర్ ఇంకోసారి ఎక్కి ఎనిమిది తర్వాత బయల్దేరండి.