నీటికి నెలవు

హారతి అయ్యాక పూజారిగారు అందరి చేతుల్లో నాలుగు పూలు, కాసిని అక్షింతలు పెడతారు. "యోఽపాం పుష్పం వేద..." అని మంత్రపుష్పం అందుకుంటారు. అర్థం తెలియకపోయినా ఆ స్వరం మనందరికీ చెవిలో ఉంటుంది. నేనైతే చాలా ఏళ్లు మనసంతా పులిహోర మీద పెట్టే విన్నాను.

తైత్తిరీయ ఆరణ్యకంలోని ఈ మంత్రం నీళ్ల గురించి. నీటికి పువ్వు చంద్రుడట. తర్వాత ఒకటే మాట తిరిగి తిరిగి వస్తుంది: "యోఽపామాయతనం వేద, ఆయతనవాన్ భవతి." నీటి నెలవు ఎరిగినవాడికి నెలవు దొరుకుతుంది. ఎరిగినవాడికి అంటోంది, అడిగినవాడికి అనడం లేదు. అగ్ని, వాయువు, సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు, మేఘం అన్నీ నీటికి నెలవులే, నీరు మళ్లీ వాటికి నెలవు. చివర్న సంవత్సరం. నేను ఆగిపోయింది ఇక్కడే. ఏడాది నీటికి ఇల్లెలా అవుతుంది? నాలుగు నెలల వానని పన్నెండు నెలలు వాడుకునే మెట్ట ఊళ్లవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వాళ్లకి ఏడాదంతా చెరువులోనే ఉంటుంది.

చెరువు తవ్వించడాన్ని మనవాళ్లు సప్తసంతానాల్లో చేర్చారు, అంటే కన్నబిడ్డతో సమానం. కడప సీమలో పోరుమామిళ్ల చెరువుని 1369లో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూర కట్టించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అక్కడి శాసనంలో ఉంది. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెక్కించారు. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ మెరక, రెండు రాజ్యాల పొలిమేరన ఉండటం (కృష్ణా నీళ్ల పంచాయితీ చూస్తున్న మనకి నవ్వొస్తుంది), నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం, నీరు ఎక్కువై భూమి చాలకపోవడం. ఉన్న నీటికి మించి సాగు పెట్టడం దోషమని ఆరున్నర శతాబ్దాల కిందటే రాతి మీద రాసుకున్నాం. బోరు పక్కన బోరు వేస్తున్నప్పుడు అది ఎవరికీ గుర్తు రాదు, మా ఇంట్లోనూ రాలేదు.

ఈ వేసవిలో మా గుడి బావి అడుగంటింది. మొన్న వెళ్లేసరికి పూజారిగారు ఇరవై లీటర్ల క్యాన్ మూత తీసి, ఇత్తడి బిందెలోకి వంచుతున్నారు. నిండాక తులసి దళం వేసి, "కాస్త పట్టు నాయనా, అభిషేకానికి వేళైంది" అన్నారు.