ముఖాలు కనిపించని ఆ ఇద్దరు

మా బడి లైబ్రరీ గదిలో ఓ పాత క్యాలెండర్ ఉండేది. తారీఖుల భాగం ఎవరో చింపేశారు, బొమ్మ మిగిలింది. శిలువ మీంచి దించిన క్రీస్తు, ఆయన తలను ఒళ్ళోకి తీసుకున్న తల్లి, పాదాలు పట్టుకున్న మగ్దలేనే మరియ. ఇటలీలో పాదువా అనే ఊళ్ళో, ఓ చిన్న చర్చి గోడ మీద చిత్రకారుడు జొట్టో 1305 ప్రాంతంలో వేసిన బొమ్మ అదని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ చర్చిని కట్టించింది ఒక వడ్డీ వ్యాపారి కొడుకు. ఆ వ్యాపారిని ఇటలీ కవి డాంటే తన కావ్యంలో నరకంలో కూర్చోబెట్టాడు. అప్పు చేసి నూలు తెచ్చుకునే ఇళ్ళ మధ్య పెరిగినవాణ్ణి కదా, డాంటే మీద గౌరవం పెరిగింది.

మాది కొత్తవాడ. మా పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పడానికి బొమ్మల పటం చూపిస్తూ కథ చెప్పే కూనపులివాళ్ళు పటం పట్టుకుని వచ్చేవాళ్ళు. చేర్యాల ఊరి చిత్రకారులు, నకాషీలు గీసిన పటం. ఎర్రటి రంగు మీద పెద్ద పెద్ద కళ్ళ మనుషులు. వెనక వరుసలో కూర్చున్నవాడికి కూడా ఎవరు ఎవరో తెలియాలి మరి. అలాంటి బొమ్మలకు అలవాటు పడ్డ నాకు క్యాలెండర్‌లో ఒకటి మింగుడుపడలేదు. శవానికి ఇవతల ఇద్దరు కూర్చుని ఉన్నారు, వాళ్ళ వీపులు తప్ప ఏమీ కనిపించవు. ముందే కూర్చోబెట్టి ముఖాలు గీయకపోవడమేంటి?

మా వాడకట్టులో ఒకరు పోయినప్పుడు అర్థమైంది. ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. వెనకాల నిలబడ్డ పిల్లలకు కనిపించేది వీపులే. జొట్టో మనల్ని ఆ పిల్లల చోట నిలబెట్టాడు. పైన ఆకాశంలో గింగిరాలు తిరుగుతూ ఏడ్చే దేవదూతలు నాకు ఇప్పటికీ కాస్త ఎక్కువే అనిపిస్తారు. ఈ రెండు వీపులు చాలు.

రష్యన్ రచయిత చెహోవ్ 1886లో రాసిన గుర్రబ్బండివాడి కథను తెలుగు సార్ చదివి వినిపించింది కూడా ఆ గదిలోనే. ఆ బండివాడు అయోనా. అతని కొడుకు ఆ వారమే చనిపోయాడు. మంచులో బండి తోలుతూ ఎక్కినవాళ్ళకల్లా చెప్పబోతాడు. ఒక అధికారి ఎలా పోయాడని అడిగి, జవాబు పూర్తిగా వినకుండానే కళ్ళు మూసుకుంటాడు. ఇంకొకడు అందరం పోయేవాళ్ళమే అంటాడు. చివరికి అయోనా తన గుర్రానికి చెప్పుకుంటాడు. క్లాసులో అందరికీ గుర్రమే గుర్తుండిపోయింది, పరీక్షలో అడిగేదీ అదే.

నాకు మాత్రం అంతకుముందు వచ్చే ఓ చిన్న ముక్క ముఖ్యం. కొడుక్కి జబ్బు ఎలా చేసింది, పోయేముందు ఏమన్నాడు, ఆస్పత్రి నుంచి వాడి బట్టలు ఎలా తెచ్చుకున్నాడు, ఇవన్నీ వరసగా చెప్పాలని అయోనా కోరిక. ఆడవాళ్ళకైతే ఇంకా మంచిది, తెలివితక్కువవాళ్ళే అయినా మొదటి మాటకే ఏడ్చేస్తారు అనుకుంటాడు. ఆ ‘తెలివితక్కువ’ అనే మాట దగ్గర నాకు అయోనాతో పేచీ ఉంది. ఎంత తెలివి కావాలో మా వాడలో చూశాను. వచ్చిన ప్రతి మనిషీ “ఎట్ల పోయిండు? ఆఖరికి ఏమన్నడు?” అని కొత్తగా అడిగేది. ముందే విన్నవాళ్ళు కూడా అడిగేవాళ్ళు. ఆ ఇంటామె ప్రతిసారీ మొదటి నుంచి చెప్పేది.