డాంటే వర్చువల్ సౌండ్‌కార్డ్: రికార్డింగ్‌కి సరే, మానిటర్‌కి వద్దు

"మిక్సర్ నుంచి ల్యాప్‌టాప్‌కి ఒక్క లాన్ కేబుల్ పెడితే ప్రతి మైకూ విడిగా రికార్డవుతుందట కదన్నా, మరి మైకులను కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టె ఎందుకు కొనడం?" సౌండ్ పనిలోకి కొత్తగా వచ్చిన తమ్ముళ్ళు నన్ను తరచుగా ఇదే అడుగుతుంటారు. మిక్సర్‌లో డాంటే, ల్యాప్‌టాప్‌లో డాంటే వర్చువల్ సౌండ్‌కార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటే నిజంగానే కొనక్కర్లేదు. కానీ అదే ధైర్యంతో పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు తమను తాము వినడానికి వాళ్ళ చెవిలోకి వెళ్ళే మానిటర్ సౌండ్‌ని కూడా ల్యాప్‌టాప్ గుండా తిప్పుదామంటే మాత్రం నేను ఒప్పుకోను.

డాంటేని తయారుచేసింది సిడ్నీలో 2006లో మొదలైన ఆడినేట్ కంపెనీ. ఆడియోని మామూలు ఈథర్నెట్ ప్యాకెట్లుగా పంపే పద్ధతి ఇది. మిక్సర్లలో, స్టేజీ మీద మైకులు గుచ్చే స్టేజ్ బాక్సుల్లో ఈ పని చేయడానికి విడిగా చిప్ ఉంటుంది. వర్చువల్ సౌండ్‌కార్డ్ ఆ పనినే మన కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తో చేయిస్తుంది. శాంపిల్ రేటు (సెకనుకి ఎన్నిసార్లు ధ్వనిని కొలుస్తుందో ఆ లెక్క) 48 కిలోహెర్ట్జ్ దగ్గర 64 ఛానెళ్ళు లోపలికి, 64 బయటికి ఇస్తుంది. 96కి పెంచితే అవి 32కి, 192కి పెంచితే 16కి తగ్గుతాయి. కచేరీలకు 48 చాలు.

నేను ఎక్కువగా చేసేది కూచిపూడి కార్యక్రమాలు. నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు, వీణ, గజ్జెల శబ్దం కోసం స్టేజీ అంచున పెట్టే మైకులు, వ్యాఖ్యానం, ఇలా లెక్కేస్తే 24 ట్రాకులు ఇట్టే నిండుతాయి. రెండు గంటలకు దాదాపు 25 జీబీ. మామూలు ఎస్‌ఎస్‌డీకి అదేమంత బరువు కాదు.

అసలు లాభం రికార్డింగ్ కన్నా మర్నాడు తెలుస్తుంది. రిహార్సల్‌లో తీసిన ట్రాకులను అవే ఛానెళ్ళలోకి తిరిగి వదిలితే, కళాకారులు మేకప్‌లో ఉండగానే నేను ఖాళీ హాల్లో నిలబడి వేణువుకు ఈక్యూ, అంటే బేస్, ట్రెబుల్ పాళ్ళు, సరిచేసుకోవచ్చు. పెద్దవాళ్ళను పిలిచి "ఇంకోసారి పాడండమ్మా" అని విసిగించాల్సిన పని లేదు. ఒక్కటి మాత్రం ఇందులో దొరకదు: ఫీడ్‌బ్యాక్. ట్రాకులు మోగుతున్నప్పుడు స్టేజీ మీద మైకులు వినడం లేదు కాబట్టి, ఏ మైకు కూత పెడుతుందో చూడాలంటే మైకులు తెరిచి చూడాల్సిందే.

ఇక పరిమితుల్లో మొదటిది క్లాక్, అంటే పరికరాలన్నీ కలిసి నడవడానికి పట్టే తాళం లాంటిది. డాంటే నెట్‌వర్క్‌లో పరికరాలన్నీ ఒకే క్లాక్‌కి కట్టుబడి నడవాలి. ఆ క్లాక్ ఇచ్చే అర్హత వర్చువల్ సౌండ్‌కార్డ్‌కి లేదు. నెట్‌వర్క్‌లో కనీసం ఒక్క నిజమైన డాంటే పరికరం లేకపోతే, రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య ఎంత మంచి కేబుల్ వేసినా ఆడియో పోదు. కంప్యూటర్లు మాత్రమే ఉన్నచోట అదే కంపెనీ తెచ్చిన డాంటే వియా అనే వేరే సాఫ్ట్‌వేర్ చూడాలి.

రెండోది లేటెన్సీ, అంటే శబ్దం చేరడానికి పట్టే ఆలస్యం. నేను మానిటర్‌కి వద్దనేది దీనివల్లే. చిప్ ఉన్న పరికరాల మధ్య 1 మిల్లీసెకను, ఇంకా తక్కువ కూడా కుదురుతుంది. వర్చువల్ సౌండ్‌కార్డ్‌లో ఉన్నవి 4, 6, 10 మిల్లీసెకన్లు. ప్రాసెసర్ ఒకేసారి వంద పనులు చూసుకుంటూ ప్యాకెట్ల సంగతీ చూడాలి కాబట్టి ఆ మాత్రం వ్యవధి కావాలి. పోయేటప్పుడు 4, వచ్చేటప్పుడు 4. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 256 శాంపిళ్ళ బఫర్ (ఆడియోని కాసేపు పోగుచేసి పంపే నిల్వ) పెడితే దానికి అటూ ఇటూ ఐదేసి. మొత్తం 18 దాటుతుంది. గాలిలో ధ్వని అంత సేపట్లో ఆరు మీటర్లు పైగా వెళ్తుంది. మృదంగం వాయించేవారికి తన దెబ్బ తనకే ఆరు మీటర్ల అవతల నుంచి వినిపిస్తే లయ ఎలా నిలుస్తుంది? ఆయన మీద అంత భారం మోపే హక్కు మనకు లేదు. మానిటర్ మిక్సర్ నుంచే నేరుగా వెళ్ళాలి.

ఈ లాన్ కేబుళ్ళన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ గురించి కూడా చెప్పాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో నాలుగు ఛానెళ్ళకు సుమారు 6 మెగాబిట్లు పడుతుంది. 64 ఛానెళ్ళంటే 96. అంటే 100 మెగాబిట్ పోర్టు అంచుకి వచ్చేసినట్టే, గిగాబిట్ తప్పదు. వైఫై మీద ఇది నడవదు, ప్రయత్నించి టైమ్ వృథా చేసుకోవద్దు. ఒక హాల్లో స్విచ్ గిగాబిట్టే అయినా మధ్యమధ్యలో టప్ టప్‌మని క్లిక్‌లు వచ్చాయి. చూస్తే అందులో కరెంటు ఆదా చేసే ఎనర్జీ ఎఫిషియంట్ ఈథర్నెట్ ఆన్‌లో ఉంది. ట్రాఫిక్ లేని క్షణాల్లో పోర్టు కునుకు తీస్తుంటే క్లాక్ చెదిరిపోతుంది. దాన్ని ఆపగానే క్లిక్‌లు పోయాయి. ఆపే వీలు లేని చౌక స్విచ్చులు ఉన్నాయి, అందుకే నా స్విచ్ నేనే తీసుకెళ్తాను.

మిక్సర్‌కి ప్రైమరీ, అది పోతే ఆదుకునే సెకండరీ అని రెండు నెట్‌వర్కులు ఉండవచ్చు. వర్చువల్ సౌండ్‌కార్డ్‌కి ఒక్కటే. ఆ కేబుల్ ఊడితే రికార్డింగ్ పోయినట్టే. కాబట్టి మిక్సర్‌లో యూఎస్‌బీకి స్టీరియో రికార్డింగ్ కూడా తప్పకుండా పెడతాను. కార్యక్రమానికి ముందు ల్యాప్‌టాప్‌లో స్లీప్, అప్‌డేట్లు, వైఫై ఆపేస్తాను. ఏ ఛానెల్ ఎక్కడికి వెళ్ళాలో కలిపే డాంటే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌లో గ్రీన్ టిక్‌లు వచ్చాక ఆ విండో మూసేసినా ఫర్వాలేదు, ఆ కలిపిన రూటింగ్ ఆడియో అందుకునే పరికరంలోనే నిలిచి ఉంటుంది. అయితే ఆ రూటింగ్ పరికరాల పేర్ల మీద నడుస్తుంది. అన్నీ పలుకుతున్నాక ల్యాప్‌టాప్‌కి కొత్త పేరు పెట్టకండి, ల్యాప్‌టాప్ నుంచి మిక్సర్‌కి ఇచ్చిన కనెక్షన్లన్నీ మళ్ళీ మొదటి నుంచి ఇవ్వాల్సి వస్తుంది.