వాగు ఒడ్డున గబ్బిలాల కోసం

మే నెల ఎండల్లో టెక్సస్‌లోని బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి వెళ్లొద్దని తెలిసినవాళ్లంతా చెప్పారు. కారుకి ముప్ఫై డాలర్ల ప్రవేశ రుసుము, పార్కులోని పాంథర్ జంక్షన్‌లో పెట్రోలు ధర చూసి పడ్డ ఏడుపు సరే సరి. అక్కడి చీసోస్ కొండల అందం గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను వెళ్లింది శాంటా ఎలీనా లోయ ముంగిట, టెర్లింగ్వా వాగు రియో గ్రాండే నదిలో కలిసే చోటుకి, గబ్బిలాల కోసం.

టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో వంతెన కింద నుంచి లక్షల్లో ఎగిరే గబ్బిలాలు దాదాపు అన్నీ ఒకటే జాతి. ఈ పార్కులో ఇరవై దాకా జాతులున్నాయి. ఎడారి కదా, నీళ్లున్న చోటికి రాక తప్పదు వాటికి. ఈ వాగు పొడుగునా ఒకప్పుడు కాటన్‌వుడ్ చెట్లుండేవి, పాదరసం గనుల కోసం కొట్టేశారు.

పొద్దు పూర్తిగా గుంకకముందే కాన్యన్ బ్యాట్ దిగింది. అమెరికా గబ్బిలాల్లో ఇదే బుల్లిది. నోరు తెరిచి మడుగు మీద ఒక్క గీత గీసి లేచిపోయింది. ఫోన్‌కి తగిలించిన మైకు మన చెవికి అందని గబ్బిలం కూతల్ని పడుతుంది, యాప్ వాటిని గీతలుగా చూపించి జాతి పేరు చెబుతుంది. తెర మీద 45 కిలోహెర్ట్జ్ దగ్గర కొక్కేల్లాంటి గీతలు.

ఆ తర్వాత మొదలైంది చికాకు. మడుగు చుట్టూ తిరుగుతున్నది ఒకటే గబ్బిలం, యాప్ మాత్రం ఒకసారి యూమా మయోటిస్ అంటుంది, ఇంకోసారి కాలిఫోర్నియా మయోటిస్ అనే వేరే జాతి అంటుంది. పక్కన మడత కుర్చీలో కూర్చున్న పెద్దాయన నవ్వాడు.

"రెండూ యాభై కిలోహెర్ట్జ్ దగ్గరే కూస్తాయి. 'యాభై కూత' అని రాసుకో, చాలు. వల వేసి చేత్తో పట్టి చూస్తే గానీ పేరు తేలదు, దానికి పార్కు అనుమతి కావాలి. ముందు ఆ మైకుని నీళ్ల గలగలకి దూరంగా జరుపు."

జరిపాను. చీకటి బాగా ముదిరాక పైనెక్కడో "టిక్, టిక్" మని వినిపించింది. మైకులోంచి కాదు, నేరుగా చెవికే! వెస్టర్న్ మాస్టిఫ్ బ్యాట్, రెక్కలు చాస్తే అర మీటరు పైమాటే. దాని కూత మన చెవికి అందేంత కిందికి దిగుతుంది.

"వినిపిస్తోందా?" అడిగాడాయన. "నా చెవులకి అందక చాలా ఏళ్లయింది. వచ్చినప్పుడల్లా చెప్పు."

చెబుతూ కూర్చున్నాను. ఎర్ర లైటు వేసుకుని ఆయన నోటుపుస్తకంలో టైము రాసుకున్నాడు. యాప్ మాత్రం వాటన్నిటినీ 'రొద' కింద కట్టి పక్కన పడేసింది.