పెద్దనాన్నగారి ఫొటోల్లో కొండ

ఆదివారం. చాలాకాలంగా వాయిదా వేస్తూ వచ్చిన పనికి ఈ రోజు పూనుకున్నాను. పోర్టులో ఉద్యోగం చేసిన మా పెద్దనాన్నగారు 1970 దశకంలో తీసిన విశాఖపట్నం ఫొటోలు ముప్పై దాకా నా దగ్గర ఉన్నాయి. వాటిని వరసలో పెట్టి, కుదిరిన చోటల్లా అదే జాగా నుంచి ఇప్పటి ఫొటో తీయాలని నా కోరిక.

వన్‌టౌన్ ఫొటోలతో ఇబ్బంది లేకపోయింది. టౌన్‌హాలు, కురుపాం మార్కెట్ ఇప్పటికీ చూడగానే ఆనవాలు పట్టవచ్చు. 1933లో పోర్టు తెరిచాక ఊరు ఉత్తరంగా పెరిగింది కాబట్టి అసలు మార్పంతా అటువైపే ఉంది. చిక్కు మహారాణిపేట ఫొటోతో వచ్చింది.

అది ఎవరిదో మిద్దె మీద నిలబడి తీసినది. ముందు పెంకుల కప్పులు, వాటి మధ్య నాలుగు కొబ్బరిచెట్లు, ఆపైన సముద్రం, కుడివైపు చివర డాల్ఫిన్స్ నోస్ కొండ. ఆకాశం ఉండవలసిన చోట, ఒకప్పుడు గుచ్చిన గుండుసూది తుప్పు పట్టి వదిలిన గోధుమరంగు మరక ఉంది. ఆ వీధిలో గంటసేపు తిరిగినా జాగా దొరకలేదు, ఎందుకంటే గుర్తు పట్టడానికి నాకున్న ఏకైక ఆధారం కొండ, అదేమో ఏ సందులో నిలబడినా కనబడలేదు. చివరికి ఒక అపార్ట్‌మెంటు వాచ్‌మన్ దయతలచి పైకి పంపాడు. ఐదో అంతస్తు దాటి డాబా మీదికి వెళ్ళాక కొండ వంపు, ఫొటోలోని వంపు సరిగ్గా ఒకదానికొకటి సరిపోయాయి.

అక్కడే మెట్లగది స్లాబు పెచ్చులూడి, చువ్వలు బయటపడి ఉన్నాయి. కట్టి ఇరవై అయిదేళ్ళే అయిందట. ఉప్పుగాలి కాంక్రీటులోకి దిగి చువ్వను తుప్పు పట్టిస్తే, తుప్పుతో ఉబ్బిన ఇనుము తన చుట్టూ ఉన్న కాంక్రీటును తానే పగలగొడుతుంది. పెద్దనాన్నగారు నిలబడిన మిద్దె బహుశా టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి గానుగ సున్నంతో వేసినదై ఉంటుంది. అందులో తుప్పు పట్టే చువ్వే ఉండదు. సముద్రపు ఒడ్డున ఇల్లు కట్టేవాళ్ళు చువ్వకు పైన కాంక్రీటు మందం ఎంత ఉందో అడిగి తీరాలని నాకు గట్టిగా అనిపించింది.

ఇంటికొచ్చి 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వెళ్ళిపోయిన మర్నాడు నేను తీసిన ఫొటోలు కూడా బయటికి తీశాను. చెట్లు కూలిపోవడంతో, అన్నేళ్ళూ ఆకుల చాటున ఉన్న ఇళ్ళు వాటిలో ఒక్కసారిగా బయటపడ్డాయి. వాటిని చూడటం ఈ రోజుకీ కష్టంగానే ఉంది.

పెద్దనాన్నగారు ఫొటోల వెనుక తారీఖులు వెయ్యలేదు. ఈ రోజు డాబా మీద నేను తీసినదాన్ని రేపు ప్రింటు వేయించి, వెనుక తారీఖు, వీధి, అంతస్తు రాసి, రెండింటినీ సూదితో గుచ్చకుండా ఒకే కాగితపు కవరులో పెట్టాలి.