బిగబట్టిన కూలి మొర

కతోలిక పూజా పఠనాలు మూడేళ్ల వరసలో తిరుగుతాయి. అందులో రెండోదైన బి సంవత్సరంలో, సామాన్య కాలం (పెద్ద పండుగల కాలాలు కాని వారాలు) 26వ ఆదివారం, రెండో పఠనంగా యాకోబు లేఖ ఐదో అధ్యాయం చదువుతారు. ఘాటైన మాటలవి. మీ పొలాలు కోసినవాళ్లకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతోంది, కోతవాళ్ల కేకలు సైన్యాలకు అధిపతియైన ప్రభువు చెవినపడ్డాయి అంటాడు యాకోబు (5:4). కూలివాళ్ల కంటే ముందు కూలే నోరు తెరవడం చూడండి. ఇంకొకరి చేతికి అందాల్సిన డబ్బు యజమాని పెట్టెలో ఉండి, అక్కడి నుంచే దేవుణ్ణి పిలుస్తోంది.

కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం (19:13) ముందే చెప్పింది. ద్వితీయోపదేశకాండం (24:15) పొద్దు గుంకేలోపే ఇచ్చెయ్యమంటుంది, ఎందుకంటే అతను పేదవాడు, ఆ కూలి మీదే ఆశ పెట్టుకున్నాడు. 1891లో 13వ లియో పోపుగారు కార్మికుల కోసం రాసిన 'రేరుమ్ నోవారుమ్' విశ్వలేఖలో (శ్రీసభ అంతటికీ పోపు రాసే లేఖ) యాకోబు వచనాన్నే ఎత్తి చూపారు. శ్రీసభ బోధనల గ్రంథమైన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 1867వ పేరాలో, పరలోకానికి మొరపెట్టే పాపాల వరసలో, అన్న చేతిలో హతుడైన ఆబేలు రక్తంతో పాటు కూలివాడికి జరిగిన అన్యాయం కూడా ఉంది. హత్యతో పాటు! ఆ పేరా దగ్గర నేను త్వరగా ముందుకు వెళ్లలేను.

మన విచారణల్లో, అంటే ఒక్కో గుడి కింద ఉండే విశ్వాసుల సంఘాల్లో, దానధర్మాలకు లోటు లేదు. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఒజనాం, ఆయన మిత్రులు మొదలుపెట్టిన విన్సెంట్ డి పాల్ సభ నేటికీ పేదల ఇళ్లకు వెళ్లి వాళ్లను పలకరిస్తోంది. ఆ సేవ తగ్గకూడదు, ఇంకా పెరగాలి. కానీ ఈ వచనం విన్నాక సాయం అందించే చేతికి ఇంకో ప్రశ్న ఎదురవుతుంది. ఇతనికి మనం దానంగా ఇస్తున్నది, ఎవరో ఇతనికి బాకీపడ్డ సొమ్మేనా? ఆ ఎవరో మన పక్కనే కూర్చుని దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర రొట్టె) తీసుకుంటున్నారా?

1971లో రోములో సమావేశమైన పీఠాధిపతుల (బిషప్పుల) సినడ్ సభ, న్యాయం కోసం పాటుపడటం సువిశేష ప్రకటనలో విడదీయలేని భాగమని చెప్పింది. న్యాయం గురించి మాట్లాడేవాళ్లు ముందు తాము న్యాయంగా ఉన్నట్టు ఇతరులకు కనబడాలనీ, శ్రీసభకు పనిచేసేవాళ్లకు బతకడానికి సరిపడా జీతం ఉండాలనీ అంది. అందుకే విచారణలో సామాజిక న్యాయ కమిటీ అంటూ ఏర్పడితే, మొదటి మీటింగ్‌లో విచారణ సొంత జీతాల పుస్తకమే తెరవాలని నా అభిప్రాయం. దేవాలయం ఊడ్చే ఆమె, కాపలా కాసే అతను, మతబోధ చేసే ఉపదేశి, వంటమనిషి. వీళ్లకు జీతం నెల నెలా టైముకు అందుతోందా? జబ్బు చేస్తే సెలవుంటుందా? "దేవుడి పని కదా" అంటూ జీతం తగ్గించడం నాకైతే మింగుడుపడదు. కూలి ఎగ్గొట్టడానికి దేవుడి పేరు వాడుకోవడమే అది.

ఆ తర్వాతే బయటి పని. జీతం రాక తిరుగుతున్నవాళ్లకు ఫిర్యాదు రాసిపెట్టడం, కార్మిక శాఖ ఆఫీసుకు తోడు వెళ్లడం, లాయర్‌తో మాట్లాడించడం. వాళ్ల కష్టాన్ని మైకు ముందు చెప్పించనక్కర్లేదు. ఉన్న పని కూడా ఊడుతుందేమోనన్న టెన్షన్ వాళ్లకు ఎప్పుడూ ఉంటుంది.

యెరూషలేములోని తొలి సంఘంలోనూ ఇలాంటి ఫిర్యాదే లేచింది. రోజూ జరిగే పంపకంలో గ్రీకు మాట్లాడే విధవలకు అన్యాయం జరుగుతోందని (అపొస్తలుల కార్యములు 6). అపొస్తలులు సణగొద్దని వాళ్ల నోరు మూయించలేదు. విశ్వాసులందరినీ పిలిచి, ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫాను, ఫిలిప్పు, ప్రొకోరు, నికానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. బహుశా ఫిర్యాదు చేసినవాళ్ల వైపు నుంచే మనుషుల్ని తెచ్చి పంపకం వాళ్ల చేతికే అప్పగించారు.