తీతు ఏం తెచ్చాడు?

శుక్రవారం.

కాలువలు కట్టేశారు. పంచాయతీ చెరువులో నీళ్లు అడుక్కి దిగాయి, కుళాయి పొద్దున ఒక్క పూటే వస్తోంది. ఉక్కపోతకి తోడు కరెంటు కోత. సరిగ్గా ఇలాంటి రోజునే మా ఇంట్లో చర్చి ప్రార్థన కూడిక. మా అత్తగారికి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మందిరానికి రాలేకపోతున్నారని, సంఘమే ఆవిడ మంచం దగ్గరికి వస్తుందని మా పాస్టరు అయ్యగారు ఆదివారం ప్రకటించేశారు. నన్నొక్క మాట అడగలేదు. అడిగితే మాత్రం వద్దంటానా? కానీ అంతమందికి మజ్జిగ కలపాలంటే పెరుగు తోడెయ్యాలి కదా, ముందు చెప్పాలి కదా.

మధ్యాహ్నం మూడింటికల్లా ఆడవాళ్లంతా వచ్చేశారు, ఒక్కొక్కరూ చేతిలో లేసు సంచితో. మా నరసాపురం వైపు ఆడవాళ్లని ఖాళీ చేతులతో కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాదు. అయ్యగారు వచ్చేదాకా అల్లుతూనే ఉంటారు. ఎడమ చూపుడువేలికి దారం చుట్టుకుని, కుడిచేత్తో సూది తిప్పుతూ, కళ్లు మాత్రం పక్కామె మొహం మీద. కన్ను పెట్టకపోయినా లెక్క తప్పదు. ఈ లేసు పని మిషనరీల వెంట వచ్చిందే అంటారు. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లండ్‌ నుంచి బయల్దేరి, భార్యలతో సహా వచ్చి ఈ డెల్టాలో కాపురాలు పెట్టిన సంగతి అయ్యగారు ఏడాదికొకసారైనా చెబుతారు. విన్నప్పుడల్లా నాకు ఆ ఇద్దరు ఆడవాళ్లే గుర్తొస్తారు. మన భాష రాదు, ఈ ఉక్కపోత ఎరగరు. మగవాళ్లు ఊళ్ల మీదికి వెళ్లిన సాయంత్రాలు ఇద్దరూ కలిసి కూర్చుని ఏం చెప్పుకునేవారో! అది మాత్రం ఏ ప్రసంగంలోనూ రాదు.

చాపల మీద కబుర్లు మొదలయ్యాయి. మా సంఘంలో కబుర్లకి ప్రార్థన అంశాలని పేరు. "ఫలానా వాళ్లబ్బాయి కోసం భారంగా ప్రార్థన చెయ్యండమ్మా, ఎందుకంటే..." అని రేవు వీధి అక్క మొదలెడుతుంది. ఆ ఎందుకంటే దగ్గర సూదులన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. నాకు ఒళ్లు మండుతుంది. అక్కతో ఆ మాట అనలేను, ఎందుకంటే (నాకూ ఒకటుంది) అత్తగారు పడిపోయిన రాత్రి వచ్చింది ఆవిడే.

మా ఆయన రొయ్యల చెరువు మీద కాపలాకి వెళ్లారు, ఫోన్ అందలేదు. దొడ్లోంచి నా కేక విని ముందు అక్క వచ్చింది, వెనకాల వాళ్లబ్బాయి ఆటో తెచ్చాడు. అత్తగారిని చీరలో ఎత్తి ఎక్కించారు. పాలకొల్లు వెళ్లేదాకా ప్రతి గతుకు దగ్గరా అక్క తన అరచెయ్యి ఆవిడ నడుం కింద పెట్టింది. ఆస్పత్రి వరండాలో నేను ప్రార్థన చేద్దామని కూర్చున్నాను. మాట రాలేదు. స్తోత్రం అన్నది కూడా నోట్లోంచి రాలేదు. లోపల చూస్తే అక్క మా అత్తగారి జడ విప్పి, కొబ్బరినూనె రాసి, చిక్కు తీస్తోంది. "పది రోజులు తల దువ్వుకోడానికుండదు పిన్నీ, ఉండలు కట్టేస్తుంది" అంటోంది. చిక్కు పడ్డ చోట కుదురు దగ్గర వేళ్లతో అదిమి పట్టి, కిందనుంచి దువ్వెన ఆడిస్తోంది, నొప్పి తెలీకుండా. అక్క కూడా ప్రార్థన చేసినట్టు లేదు. నర్సుని మాత్రం రెండుసార్లు కేకలేసింది.

అక్కని దేవుడే పంపాడని తర్వాత అందరూ అన్నారు. కావచ్చు. నాకైతే ఆయన అక్కని పంపించి తను వేరేచోట కూర్చున్నట్టు అనిపించలేదు. తలుపేసుకుని ప్రార్థించమని ప్రభువే చెప్పాడు, నేనూ తెల్లవారుజామున చేస్తూనే ఉంటాను, అందులో ఒక నెమ్మది ఉంది. కానీ ఆయన నా దగ్గరికొచ్చాడని గట్టిగా చెప్పగలిగిన సందర్భాలు లెక్కేసుకుంటే, దాదాపు ప్రతిసారీ గుమ్మం దగ్గర ఎవరివో చెప్పులున్నాయి. అందులో నాకు నచ్చనివాళ్ల చెప్పులూ ఉన్నాయి.

ఇవాళ వాక్యం చదివింది ఇంటర్ చదివే పిల్ల. పెద్దవాళ్లకి అద్దాలున్నా చదివే పని దానికే అప్పజెబుతాం. బైబిల్లో పౌలు కొరింథు సంఘానికి రాసిన రెండో ఉత్తరం, ఏడో అధ్యాయం. పౌలు మాసిదోనియకి వచ్చాడు, ఒంటికి విశ్రాంతి లేదు, బయట గొడవలు, లోపల భయాలు. అలాంటప్పుడు దీనుల్ని ఆదరించే దేవుడు తీతు రావడం వల్ల మమ్మల్ని ఆదరించాడు అని రాశాడు. పౌలుకి దర్శనాలు కొత్తకాదు, దమస్కు దారిలో వెలుగు చూసినవాడు. ఈసారి మాత్రం తనతో పనిచేసే ఒక మనిషి, తీతు, వచ్చాడు.

మంచం మీంచి మా అత్తగారు, "ఆ తీతు ఏం తెచ్చాడే?" అన్నారు.

"కొరింథు వాళ్ల కబురు తెచ్చాడు మామ్మా. వాళ్లు ఈయన కోసం బెంగపెట్టుకున్నారంట."

"అయితే ఉత్తచేతుల్తో రాలేదు" అని మా అత్తగారు రేవు వీధి అక్క వైపు చూశారు. ఆ కబుర్ల మనిషి ఎవరో అందరికీ తెలిసిపోయింది. అందరికంటే గట్టిగా నవ్వింది అక్కే. అయ్యగారు ప్రసంగం కోసం ఏదో కాగితం రాసుకొచ్చారు పాపం, అది జేబులోనే ఉండిపోయింది.

నవ్వులు ఫోన్లోంచి కూడా వినిపించాయి. కువైట్‌లో ఇంటిపనికెళ్లిన నా స్నేహితురాలిని అత్తగారి దిండుకి ఆనించి పెట్టాం, అంటే ఫోన్‌ని. అక్కడ సెలవు శుక్రవారమే, ఆరాధన కూడా అదే రోజు. ఆ ఇంటివాళ్లు బయటికి పంపని వారం మా కూడికే దానికి ఆరాధన. గిన్నెలు తోముతూ వింటుంది. ప్రార్థన మధ్యలో కుళాయి చప్పుడు వస్తుంటే ఎవరూ ఆపమనరు.

చివర్లో పిడికెడు బియ్యం డబ్బాలు తెచ్చి గోనెలో పోశారు. రోజూ ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన వేసినవి. సన్నబియ్యం, రేషన్ బియ్యం అన్నీ కలిసిపోతాయి, వండితే సగం మెత్తన, సగం పలుకు. ఈ నెల ఎవరికివ్వాలన్న దగ్గర కాసేపు వాదన. పక్కింటి పిన్నికివ్వాలని నేనన్నాను. ఆవిడ మన సంఘం కాదు కదా అని ఎవరో నసిగారు. గుమ్మం పక్కన కూర్చుని మొత్తం కూడిక విన్న మనిషి, మా అత్తగారు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ మా గేదెకి కుడితి పెట్టిన మనిషి సంఘం కాకపోతే ఇంకెవరని కొంచెం గట్టిగానే అడిగాను. ఇచ్చేశారు.

వచ్చే శుక్రవారం కూడిక రేవు వీధి అక్క ఇంట్లో. అత్తగారు తను కూడా వస్తానంటున్నారు. వాళ్ల అరుగుకి మూడు మెట్లు, అదీ ఎత్తు. కుర్చీతో సహా నలుగురం ఎత్తేస్తామని కుర్రాళ్లన్నారు. "ఊరేగింపు నాకొద్దు, ఆటో పెట్టండి" అంటున్నారు మా అత్తగారు. ఇల్లు చూస్తే నూరడుగుల దూరం కూడా లేదు.